గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు కొత్త టైర్లు: మైలేజ్ పోకుండా ఏవి వేయించాలి? (నల్గొండ నుంచి దేవరకొండ రోజూ)

నీలగిరి65 (నల్గొండ):
అందరికీ నమస్కారం. నాది 2022 చివర్లో తీసుకున్న గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది). మీటరు 52,000 దాటింది. ఉద్యోగం దేవరకొండలో, వారానికి ఐదు రోజులు అప్ అండ్ డౌన్. నెలకు ఒకట్రెండుసార్లు హైదరాబాద్. బండితో వచ్చిన టైర్లే ఇంకా నడుస్తున్నాయి. సైజు 215/60 ఆర్17, 96 హెచ్.

మొన్న గాడి లోతు కొలిచే చిన్న గేజ్ తెప్పించి చూశాను. ముందు టైర్లు 2.3 మిల్లీమీటర్లు, వెనకవి 2.9. చట్ట ప్రకారం 1.6 వరకు నడపొచ్చు గానీ, పోయిన వానాకాలంలో మర్రిగూడ బైపాస్ దగ్గర నిలిచిన నీళ్లలో స్టీరింగ్ ఒక్క క్షణం తేలిపోయినట్టు అయింది. ఇంట్లోవాళ్లు కూడా ఉన్నారు. అప్పటి నుంచి టెన్షన్.

మైలేజ్ సంగతి. ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) లెక్క లీటరుకు 27.97 కిలోమీటర్లు. నాకు వచ్చేది 23.4. ఇది డిస్‌ప్లే చూసి చెప్పేది కాదు, ఒకే బంకులో ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించి వేసిన లెక్క. హైబ్రిడ్‌కు అంత డబ్బు పెట్టిందే ఈ అంకె కోసం. కాబట్టి టైర్లు మార్చి దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

మూడు షాపులు తిరిగాను. మొదటాయన పాత టైరు పేరే ఇస్తానన్నాడు, ఒకటి 10,200. రెండో ఆయన "సార్, మీది హైబ్రిడ్ కదా, దానికి స్పెషల్ టైరు ఉంటది" అని 13,000 చెప్పాడు. ఏం స్పెషల్ అంటే "కంపెనీ వాళ్లే అట్ల చేస్తరు" అన్నాడు. మూడో ఆయన 225 వెడల్పువి వేసుకోమన్నాడు, బండి నిండుగా కనిపిస్తుందట. ఎవరి మాట వినాలి?

మిర్యాలగూడ_మిల్లు:
అన్నా, టైరు ఏదైనా గుండ్రంగానే ఉంటది. పదివేల రెండొందలవి వేయించి నైట్రోజన్ కొట్టించు, అయిపోతది. మా ఇంట్లో ఇంకో కారుకు నైట్రోజన్ పట్టించి ఏడాదైంది, మళ్లీ గాలి చూసే పనే లేదు.

పాలమూరు_మెకానికల్ (మహబూబ్‌నగర్):
మిర్యాలగూడ మిత్రమా, ఆ కారు సంగతి తర్వాత తప్పకుండా మాట్లాడుకుందాం. ముందు నీలగిరి గారి ప్రశ్న.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతాను. పాఠంలా అనిపిస్తే క్షమించండి. టైరు రోడ్డుకు తగిలిన చోట నలిగి చదునవుతుంది, దాటగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది. నలగడానికి తీసుకున్న శక్తి మొత్తాన్నీ రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. పూరీ పిండి పిసికినట్టు అనుకోండి: ఎంత పిసికినా పిండి మీ చేతికి బలం తిరిగివ్వదు. ఈ నష్టాన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు.

హైబ్రిడ్‌లో దీని సంగతి కొంచెం వేరు. మామూలు కారులో బ్రేకు వేస్తే వేగమంతా వేడిగా పోతుంది. మీ బండిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. టైరులో పోయింది మాత్రం తిరిగిరాదు, బ్యాటరీ ఎంత పెద్దదైనా సరే. మిగతా నష్టాలను ఇంజనీర్లు తగ్గించారు కాబట్టి, మిగిలిన వాటిలో టైరు వాటా పెద్దదిగా కనిపిస్తుంది.

రోలింగ్ రెసిస్టెన్స్ పది శాతం తగ్గితే మైలేజ్ ఒకటి నుంచి రెండు శాతం పెరుగుతుందని ఎప్పటి నుంచో ఉన్న లెక్క. అంటే 23.4 మీద పావు నుంచి అర కిలోమీటరు. షాపు ఆయన "మూడు నాలుగు కిలోమీటర్లు పెరుగుతది" అంటే నమ్మకండి.

జడ్చర్ల_టైర్లు:
సార్ చెప్పింది కరెక్ట్. నేను ఎనిమిదేళ్లుగా టైరు షాపులో చేస్తున్నా. షాపు పేరు చెప్పను, ఇక్కడ అమ్ముకోవడానికి రాలేదు.

నీలగిరి అన్నా, "హైబ్రిడ్ టైరు" అని వేరే జాతి లేదు. తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ టైరు అని ఉంటుంది, అది ఆల్టోకైనా వేసుకోవచ్చు. బ్రిడ్జ్‌స్టోన్‌లో ఎకోపియా, యోకోహామాలో బ్లూఅర్త్, మిషెలిన్‌లో ఎనర్జీ, ఇవన్నీ పొదుపు పేరు మీద వచ్చినవే. మీ సైజులో అన్నీ దొరకవు. ఎలక్ట్రిక్ కార్ల టైర్లు కూడా కొందరు అడుగుతున్నారు. సైజు, లోడ్ కుదిరితే వేయొచ్చు. కానీ అవి బరువైన బండి కోసం చేసినవి, రేటు కూడా అట్లే ఉంటుంది.

225 జోలికి పోవద్దు. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది, గాలికి ఎదురు పెరుగుతుంది. మైలేజ్ కోసం అడిగిన మనిషికి అది చెప్పినాయన ఇంట్లో స్టాక్ మిగిలి ఉంటుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. బండితో వచ్చిన టైరు, బయట అదే పేరుతో అమ్మే టైరు ఒకటే అనుకోవద్దు. కార్ల కంపెనీ మైలేజ్ టెస్టు కోసం టైరు కంపెనీతో చాలాసార్లు తేలికైన రకం చేయించుకుంటుంది. బయట అమ్మేది ఎక్కువ కిలోమీటర్లు రావాలని చేస్తారు. పేరు ఒకటే, గాడుల డిజైన్ ఒకటే, లోపల రబ్బరు వేరు ఉండొచ్చు.

నీలగిరి65:
అయ్యో. మరి లోపల రబ్బరు ఏంటో మనకు ఎట్లా తెలుస్తుంది? గోరుతో గిల్లి చూడాలా?

పాలమూరు_మెకానికల్:
ఏసీ, ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు అంటించే బీఈఈ టైర్లకు కూడా స్టార్ లేబుల్ పెట్టింది. నక్షత్రాలు ఎక్కువైతే రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువ. అన్ని టైర్లకూ ఉండదు, ఉన్నది చూసుకోవాలి. దీనికి తోడు ఏఐఎస్-142 అనే ప్రమాణం ఉంది. 2022లో కేంద్రం నోటిఫై చేసింది. రోలింగ్ రెసిస్టెన్స్, తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పుడు వచ్చే చప్పుడు, ఈ మూడింటికీ అందులో హద్దులు ఉన్నాయి.

యూరప్‌లో అయితే 'ఏ' (A) నుంచి 'ఈ' (E) వరకు అక్షరాలు. 'ఏ' అంటే టన్ను బరువుకు 6.5 కిలోల లాగుడు లేదా అంతకు తక్కువ. 'సి' అంటే 7.8 నుంచి 9 దాకా. 'ఈ' అంటే 10.6, ఆపైన. ఒకే కంపెనీ ఒకే పేరు టైరు కూడా సైజు మారితే అక్షరం మారిపోతుంది. కాబట్టి ఎవరో క్రెటాకు వేసిన టైరు బాగుందని రాస్తే అది మీ సైజుకు సాక్ష్యం కాదు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. మీ బండి, మనుషులు కలిపి 1,500 కిలోలు అనుకోండి. ఒక టైరు టన్నుకు 9 కిలోల లాగుడు రకం, ఇంకోటి 7.5 రకం. లాగుడు తేడా రెండుంపావు కిలోలు, అంటే సుమారు 22 న్యూటన్లు. వంద కిలోమీటర్లకు 2.2 మెగాజౌళ్లు. ఇంజన్ పెట్రోలులో 35 శాతాన్నే పనిగా మారుస్తుందనుకుంటే 6.3 మెగాజౌళ్ల పెట్రోలు కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 ఉంటాయి. అంటే వంద కిలోమీటర్లకు 0.2 లీటరు. 40,000 కిలోమీటర్లకు 80 లీటర్లు. లీటరు 107 అనుకుంటే 8,560 రూపాయలు. నాలుగు టైర్లకు పంచితే ఒక్కోదానికి 2,140.

రెండో షాపు ఆయన 2,800 ఎక్కువ అడిగాడు, అదీ నక్షత్రం చూపించకుండా. మీరే తేల్చుకోండి.

గద్వాల_పెట్రోల్:
సార్, ఒక డౌటు. నాది మామూలు పెట్రోల్ కారు, 14 ఇస్తుంది. మంచి టైరు వేస్తే నాకు ఇంకా ఎక్కువ మిగులుతుంది కదా? తాగేదే ఎక్కువ కాబట్టి?

పాలమూరు_మెకానికల్:
బాగా పట్టుకున్నారు. మీ ఇంజన్ సామర్థ్యం 28 శాతం అనుకుంటే అదే టైరు తేడాకు వంద కిలోమీటర్లకు దాదాపు పావు లీటరు మిగులుతుంది. హైబ్రిడ్‌కు 0.2 లీటరే. కానీ మీరు వందకు 7 లీటర్లు తాగిస్తున్నారు కాబట్టి అది మూడున్నర శాతం. ఆయనకు 4.3 లీటర్లలో 0.2 అంటే నాలుగున్నర శాతం. హైబ్రిడ్ వాళ్లకు అంకె ఎక్కువ ఊగుతుంది, జేబు మాత్రం మీదే ఎక్కువ ఊగుతుంది. టైర్ల గురించి రాత్రి పన్నెండింటికి పోస్టులు పెట్టేది మాత్రం హైబ్రిడ్ వాళ్లే.

నీలగిరి65:
సార్, తగిలింది.

అచ్చంపేట_ఘాట్:
నేను హోండా సిటీ హైబ్రిడ్ నడుపుతాను, 185/55 ఆర్16. మా పుట్టిల్లు శ్రీశైలం వైపు, మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోంచే వెళ్లాలి. మీరంతా మైలేజ్, మైలేజ్ అంటున్నారు. ఆ ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోయాక బ్రేకు శక్తి బ్యాటరీకి పోదు. ఇంజన్ గొంతు పెంచి పట్టుకుంటుంది, మిగతాదంతా బ్రేకులూ టైర్లే. జులైలో సన్నగా తుంపర పడుతుంటే, మలుపులో ఎదురుగా బస్సు వస్తే, అప్పుడు నాకు పావు కిలోమీటరు మైలేజ్ గుర్తుకు రాదు.

పోయినసారి నేను పొదుపు టైర్లే వేయించాను. పొడి రోడ్డు మీద బాగానే ఉండేవి. వానలో మాత్రం బ్రేకు వేస్తే బండి ఆలోచించి ఆగేది. కంపెనీ పేరు చెప్పను, పాతకాలం రకం అది. ఈసారి తడి పట్టు మంచిగా ఉన్నవి తీసుకున్నాను. మైలేజ్ కొద్దిగా తగ్గింది, నిద్ర మాత్రం బాగా పడుతోంది.

జడ్చర్ల_టైర్లు:
అక్కా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర మూడు మాటలు ఉంటాయి: పొదుపు, పట్టు, ఆయుష్షు. రెండు పట్టుకుంటే మూడోది జారుతుంది. పాత పొదుపు టైర్లలో పట్టే జారేది. ఇప్పుడు రబ్బరులో కార్బన్ బ్లాక్ (నల్ల మసి పొడి)తో పాటు సిలికా (ఇసుక జాతి పొడి) వేస్తున్నారు. మిషెలిన్ వాళ్లు 1990ల మొదట్లో సిలికా టైర్లు తెచ్చారు, తర్వాత అందరూ పట్టుకున్నారు. దాంతో పొదుపు, తడి పట్టు రెండూ ఒకే టైరులో వస్తున్నాయి. రేటు ఎక్కువ, అదొక్కటే బాధ.

నీలగిరి అన్నా, నక్షత్రాలు ప్రధానంగా రోలింగ్ రెసిస్టెన్స్‌కే. తడి పట్టు వేరేగా అడగండి.

హైవే_రాయికల్:
మన రాష్ట్రంలో సదాశివపేటలోనే ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది. మన ఊరి టైరు వేసుకోకుండా ఈ యూరప్ అక్షరాలు ఎందుకు?

జడ్చర్ల_టైర్లు:
అన్నా, సదాశివపేట నుంచి వచ్చిన టైరుకైనా నక్షత్రం, తయారీ తేదీ చూడాల్సిందే. తేదీ అంటే గుర్తొచ్చింది, పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. మన దగ్గర ఎండకు గోడౌన్ రేకుల కింద రెండేళ్లు పడి ఉన్న టైరు కొత్తదే అని అమ్ముతారు. పైకి మెరుస్తుంది. మీరు వంగి చూసేదాకా ఎవరూ చెప్పరు.

నీలగిరి65:
ఇవాళ మళ్లీ తిరిగాను. రెండో షాపు ఆయన "స్పెషల్" టైరు మీద ఆ నాలుగు అంకెలు చూశాను. తయారై రెండేళ్ల పైమాటే. నేను వంగి చూస్తుంటే ఆయన ముఖం చూడాలి మీరు. "ఏం సార్, టైరు కింద చిల్లర పడిందా?" అన్నాడు.

చివరికి క్లాక్ టవర్ సెంటర్ వైపు ఇంకో షాపులో నాలుగు నక్షత్రాలవి దొరికాయి. అదే 215/60 ఆర్17, 96 హెచ్. మూడు నెలల కిందటి తయారీ, ఒకటి 11,400. వాన పట్టు గురించి అడిగితే అదే టైరు వేసుకున్న ఇద్దరు కస్టమర్ల నంబర్లు ఇచ్చాడు. వాళ్లతో మాట్లాడాను, ఇద్దరూ బాగుందనే అన్నారు. కంపెనీ పేరు రాస్తే అభిమానుల గొడవ మొదలవుతుంది, రాయను. 96 అంటే ఏంటో ఎవరైనా చెప్పండి.

పాలమూరు_మెకానికల్:
ఒక్కో టైరు మోయగల బరువు. 96 అంటే 710 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 వరకు. ఈ రెండూ బండితో వచ్చిన దానికంటే తగ్గకూడదు. ఎక్కువైతే ఫరవాలేదు, కానీ అవసరం లేకుండా బరువైన టైరు తీసుకుంటే మళ్లీ మైలేజ్ దగ్గరే తగులుతుంది.

నీలగిరి గారూ, ముందే ఒక మాట. కొత్త టైర్లు వేశాక మొదటి ట్యాంకుకు మైలేజ్ తగ్గుతుంది. అప్పుడు కంగారు పడి ఇక్కడికొచ్చి మమ్మల్ని తిట్టొద్దు.

నీలగిరి65:
మంచి టైర్లు వేస్తే తగ్గడం ఏంటి సార్?

పాలమూరు_మెకానికల్:
వేయించండి. వచ్చి చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నీలగిరి65 (ఏడు వారాల తర్వాత):
వచ్చాను, తిట్టడానికే.

23.4 వచ్చేది. కొత్తవి వేశాక మొదటి ట్యాంకు 21.1. రెండోది 21.3. నలభై ఐదు వేల రూపాయలు పోసి రెండు కిలోమీటర్లు పోగొట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పైగా బండి ఎడమకు లాగుతోంది. పానగల్ దాటాక తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే చెట్ల వైపు పోతోంది.

జడ్చర్ల_టైర్లు:
అలైన్‌మెంట్ చేయించినప్పుడు ఇచ్చిన కాగితం ఉందా? ఫొటో కాదు, అందులో అంకెలు చదివి రాయండి. ముందు టో (చక్రం నేరుగా కాకుండా లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో) ఎంత?

నీలగిరి65:
కాగితంలో "ముందు", "తర్వాత" అని రెండు గళ్లు ఉన్నాయి. ముందు గడిలో ఎడమ టో ఎరుపు. తర్వాత గడిలో కూడా ఎరుపే! నేను డబ్బులిచ్చి కాగితం డ్యాష్‌బోర్డులో పెట్టేసుకున్నాను, చూడనే లేదు.

జడ్చర్ల_టైర్లు:
అంటే వాళ్లు మిషను మీద ఎక్కించారు, కొలిచారు, ప్రింటు తీశారు. సరిచేయలేదు. టో సరిచేసే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) లాక్ నట్ బిగుసుకుపోతే కొందరు దాని జోలికే పోరు, టైమ్ పడుతుందని. టో తప్పితే టైరు ముందుకు దొర్లుతూనే కొంచెం పక్కకు రాసుకుంటూ పోతుంది. చేత్తో టైరు మీద లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగులుతుంటే అదే. మైలేజ్, టైరు రెండూ తింటుంది. వేరే చోట చేయించండి. ఈసారి పచ్చ రంగు చూసేదాకా డబ్బు తీయకండి.

పాలమూరు_మెకానికల్:
అది సరిచేయించి, గాలి పొద్దున్నే చల్లటి టైరు మీద, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంత పెట్టి, ఇంకో ట్యాంకు నడపండి. ఈలోపు ఒక పని చేయండి. ఫోనులో మ్యాప్ పెట్టుకుని ఒక పెద్ద ట్రిప్‌లో ఫోను ఎన్ని కిలోమీటర్లు చూపింది, మీటరు ఎన్ని చూపింది రాసుకోండి. పాత టైర్ల మీద అలాంటి రికార్డు ఏమైనా ఉందా?

నీలగిరి65:
ఉంది! జనవరిలో హైదరాబాద్ పోయినప్పుడు ఊరికే చూశాను. ఫోనులో సరిగ్గా 100 అయ్యేసరికి మీటరు 103 చూపింది. మీటరు తప్పు అనుకుని వదిలేశాను.

నీలగిరి65 (మూడు వారాల తర్వాత):
వేరే షాపులో అలైన్‌మెంట్ చేయించాను. లాక్ నట్‌కు ఆయిల్ కొట్టి, అరగంట తిప్పలు పడి విప్పారు. పచ్చ రంగు నా కళ్లతో చూశాను. లాగడం పోయింది. మైలేజ్ ఈసారి 22.2.

కొత్త టైర్ల మీద ఫోను 100కు మీటరు 101.4 చూపింది. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి?

పాలమూరు_మెకానికల్:
ఇదే నేను ఎదురుచూసిన అంకె.

మీ టైరు కొత్తగా ఉన్నప్పుడు ఎత్తు 690 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ము 432, పైనా కిందా 129 చొప్పున రబ్బరు. అరిగాక చుట్టూ అయిదున్నర మిల్లీమీటర్లు పోయింది, అంటే ఎత్తు 11 తగ్గింది. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు చుట్లు లెక్కపెట్టి కిలోమీటర్లు అంటుంది. 11ని 690తో భాగిస్తే 1.6 శాతం. మీ 103, 101.4 మధ్య తేడా కూడా సరిగ్గా అంతే.

అంటే మీ పాత 23.4 అసలు 23.4 కాదు. 103తో సరిచేస్తే 22.7. కొత్త 22.2ను 101.4తో సరిచేస్తే 21.9. మీరు పోగొట్టుకున్నది కిలోమీటరుంపావు కాదు, 0.8. మిగతాది అరిగిన టైరు మీకు చెప్పిన అబద్ధం.

ఆ 0.8 కూడా టైరు చెడ్డదని కాదు. గాడులు లోతుగా ఉంటే నలిగే రబ్బరు ఎక్కువ. అరిగే కొద్దీ అది తగ్గుతుంది. గుండు కావడానికి దగ్గరైన టైరు తన జీవితంలో అన్నిటికంటే బాగా మైలేజ్ ఇచ్చే దశలో ఉంటుంది, బ్రేకు దగ్గర అన్నిటికంటే ప్రమాదంగానూ ఉంటుంది. మీరు పోల్చింది కొత్త టైరును పాత టైరుతో కాదు, ఎనిమిది మిల్లీమీటర్ల టైరును రెండున్నర మిల్లీమీటర్ల టైరుతో.

గద్వాల_పెట్రోల్:
అంటే ఇన్నాళ్లు నెట్‌లో "ఈ టైరు వేశాక మైలేజ్ పడిపోయింది" అని జనం తిట్టినవన్నీ...

జడ్చర్ల_టైర్లు:
అన్నీ కాదు. కొన్ని టైర్లు నిజంగానే బరువుగా దొర్లుతాయి. కానీ మా దగ్గరికి వచ్చి కొట్లాడిన వాళ్లలో సగం మందికి నేను ఇదే సార్‌లా చెప్పలేక తిట్లు తిన్నాను. ఈ పోస్టు ప్రింటు తీసి షాపులో గోడకు అంటించుకుంటా.

అచ్చంపేట_ఘాట్:
తమ్ముడూ, సార్ లెక్కలో కాలం కూడా కలపమను. నాకు చలికాలంలో ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది. ఎండాకాలం రబ్బరు వేడిగా ఉండి తేలిగ్గా దొర్లుతుంది గానీ ఏసీ దాన్ని తినేస్తుంది. వానలో నీళ్లను పక్కకు తోసుకుంటూ పోవాలి. జనవరి ట్యాంకును జులై ట్యాంకుతో పోలిస్తే టైరు ఏం చేస్తుంది పాపం.

దేవరకొండ_టీచర్:
ఇదే రోడ్డు మీద నేనూ తిరుగుతాను కాబట్టి ఒక మాట. కంకర తేలిన ముక్క, ప్యాచ్‌లు వేసిన ముక్క మీద ఏ టైరైనా గరగరలాడుతుంది, ఆ గరగర కూడా పెట్రోలే. నీలగిరి గారు వారం రోజులు 80 దాటకుండా, బస్టాపుల దగ్గర ముందే కాలు తీసేస్తూ నడిపి చూడండి. మా ఆయన హైబ్రిడ్‌లో నేను నడిపితే ఒక అంకె, ఆయన నడిపితే ఒక అంకె. టైర్లు అవే.

నీలగిరి65:
మేడమ్, అది ఇంకో థ్రెడ్ పెట్టాల్సిన విషయం. మా ఇంట్లో కూడా అంతే.

సార్‌కు, జడ్చర్ల తమ్ముడికి చాలా థ్యాంక్స్. ప్రతి ట్యాంకుకు తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, చల్లటి గాలి అంకె డైరీలో రాస్తున్నాను. పదివేల కిలోమీటర్లకు ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తాను. పోయిన వారం మర్రిగూడ బైపాస్ దగ్గర అవే నిలిచిన నీళ్లు. ఈసారి స్టీరింగ్ చేతిలోనే ఉంది.

మిర్యాలగూడ_మిల్లు:
అన్నా, నైట్రోజన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_మెకానికల్:
మీరు పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. షాపులో పట్టించేది 95కు పైన ఉంటుందంటారు. అది కొంచెం నెమ్మదిగా దిగుతుంది, అంతే, దిగకుండా ఉండదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, దానికి నైట్రోజన్ అయినా గాలి అయినా ఒకటే. టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం పోతుంది. చిన్నదే, కానీ ఏడాది చూడకపోతే చిన్నదిగా ఉండదు. మధ్యాహ్నం బండి నడిపి వచ్చి కొలవకండి, వేడికి నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి కొందరు గాలి తీసేస్తారు, అది ఇంకా తప్పు. పొద్దున్నే, బండి తీయకముందు చూడండి.

మిర్యాలగూడ_మిల్లు:
సార్, ఏడాది నైట్రోజన్ టైరు సార్ అది. 33 పెట్టించిన. 33 ఉంటది. రేపు పొద్దున చూసి ఫొటో పెడతా, మీరే ఒప్పుకుంటారు.

మిర్యాలగూడ_మిల్లు (మరుసటి రోజు, పొద్దున 6.40):
26, 31, 24, 30.

ఫొటో పెట్టను. పంచర్ షాపు ఇంకా తెరవలేదు, బయట అరుగు మీద కూర్చున్నా.